మూడో రోజు దగ్గర ఆగిపోకు

రఘూ,

సిగరెట్ మానేసిన మూడో రోజు సాయంత్రం మళ్ళీ వెలిగించానని రాశావు. ఆ కిందనే, "నాకు పట్టుదల లేదు పెద్దమ్మా, ఇక ఇది నా వల్ల కాదు" అని కూడా రాశావు. మళ్ళీ తాగావన్న దానికంటే ఆ రెండో మాటకే నేను ఎక్కువ బాధపడ్డాను. ఎందుకంటే అది నిజం కాదు, పైగా అది నమ్మినవాడు మళ్ళీ ప్రయత్నించడు. ఆ మూడు రోజులూ నీకు కలిగిన చిరాకు, తలపోటు, దేని మీదా మనసు నిలవకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ శరీరంలో జరిగే మార్పుకు గుర్తులు. వాటికో క్రమం ఉంది, గడువు ఉంది, మందు కూడా ఉంది. జ్వరం వచ్చినవాడికి పట్టుదల లేదని ఎవరం అనం కదా, ఇదీ అంతే. ఈ విషయం నీకు పూర్తిగా నమ్మకం కలిగేలా చెప్పాలనే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాస్తున్నాను.

పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు అక్కడ ఉంటాయి. అవి కదిలితే డోపమైన్ విడుదలై కాసేపు హాయిగా ఉంటుంది. రోజూ తాగేవాళ్ళ మెదడులో ఈ గ్రాహకాల సంఖ్య మామూలు కంటే పెరిగిపోతుంది, అవన్నీ నికోటిన్ కోసం కాచుకుని ఉంటాయి. ఇటు రక్తంలో చూస్తే, సుమారు రెండు గంటలకే నికోటిన్ సగానికి పడిపోతుంది. గంటా గంటన్నర కాగానే నీకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాకపోవడానికి కారణం ఇదే. రాత్రంతా నికోటిన్ లేక తెల్లారేసరికి లోటు బాగా పెరుగుతుంది కాబట్టే పొద్దున మొదటి సిగరెట్ అంత హాయిగా అనిపిస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించు. ఆ సిగరెట్ తీర్చిన వెలితి ఎక్కడినుంచి వచ్చింది? ముందు రోజు తాగిన సిగరెట్ల నుంచే. పొగ తాగనివాడికి ఆ వెలితే ఉండదు. అతను మామూలుగా ఉండే స్థితికి చేరడానికి నువ్వు రోజుకు పదిహేను సార్లు డబ్బు ఖర్చు పెడుతున్నావు.

"ఆఫీసు టెన్షన్‌కి అదొక్కటే ఊరట" అంటావని తెలుసు. ఊరట కలుగుతున్న మాట అబద్ధమని నేను అనను, అది దేని నుంచి ఊరట అన్నదే ప్రశ్న. పని ఒత్తిడికి నికోటిన్ లోటు తోడవుతుంది. ఒక సిగరెట్ ఆ లోటును తీరుస్తుంది, పని ఒత్తిడి మాత్రం బల్ల మీద అలాగే ఉంటుంది. దీన్ని తేల్చడానికి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాలను కలిపి పరిశీలించిన వ్యాసం వచ్చింది. తాగుతూనే ఉన్నవాళ్ళతో పోలిస్తే మానేసినవాళ్ళలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయని తేలింది. మొదటినుంచీ నెమ్మదస్తులే మానగలిగారేమో అన్న అనుమానం నీకు రావచ్చు, రావాలి కూడా. కానీ ఆ అధ్యయనాలు అదే మనిషి మానకముందు ఎలా ఉన్నాడో, కనీసం ఆరు వారాల తరువాత ఎలా ఉన్నాడో చూశాయి. మానసిక సమస్యలకు చికిత్స పొందుతున్నవాళ్ళలోనూ అదే కనిపించింది. అంటే మొదటి వారం చిరాకును చూసి, సిగరెట్ లేకపోతే నా బతుకంతా ఇలాగే ఉంటుందని లెక్క కట్టడం తప్పు.

ఆ మొదటి వారాల సంగతి వివరంగా చెబుతాను, అక్కడే నువ్వు జారిపోయావు కాబట్టి. మానేసిన కొన్ని గంటల్లోనే బాధ మొదలవుతుంది, రెండు మూడు రోజులకు ముదురుతుంది, ఆ తరువాత తగ్గుముఖం పట్టి రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు పోతుంది. మెదడులోని గ్రాహకాలు మామూలు సంఖ్యకు రావడానికి ఇంకొంచెం ఎక్కువ, రెండు మూడు నెలల దాకా పడుతుంది. నువ్వు వెలిగించినది మూడో రోజున. అంటే చాలామందికి అన్నిటికంటే కష్టమైన రోజు దాదాపు దాటేసి, తేలిక పడబోతుండగా వెనక్కి వచ్చావు. మందు సాయం లేకుండా మానేవాళ్ళలో ఎక్కువమంది మొదటి వారంలోనే జారిపోతారు, నువ్వొక్కడివే కాదు. ఇంకో సంగతి, సిగరెట్ మీదకు ప్రాణం లాగే ఆ క్షణం ఎంత గట్టిగా ఉన్నా, తాగకపోతే కొద్ది నిమిషాల్లో దానంతట అదే తగ్గుతుంది. దాన్ని ఎదిరించి గెలవాల్సిన పని లేదు, గడవనిస్తే చాలు. లేచి నీళ్ళు తాగు, రెండు మెట్లెక్కు, ఎవరికైనా ఫోన్ చెయ్యి.

అందరూ చెప్పని విషయం ఒకటి ఉంది, నీలాంటి టీ మనిషికి బాగా పనికొస్తుంది. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను త్వరగా విడగొట్టే ఎంజైమ్‌ను పెంచుతాయి. పొగ ఆగిన కొద్ది రోజుల్లో ఆ ఎంజైమ్ తగ్గిపోతుంది, దాంతో ఎప్పటిలా తాగే కాఫీ టీలకే ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు చేరుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తే సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుంటాం, అందులో సగం టీ చేస్తున్న పని కావచ్చు. మానే రోజునుంచే టీలు సగానికి తగ్గించు, సాయంత్రం తరువాత ముట్టుకోకు. టీ కొట్టు దగ్గర నిలబడటం కూడా తగ్గుతుంది, అదీ లాభమే. ఎందుకంటే నెల దాటాక వచ్చే కోరికలు చాలావరకు నికోటిన్ లోటు వల్ల కాదు, అలవాటు వల్ల వస్తాయి. భోజనం కాగానే, బండి ఆపగానే, మందు పార్టీలో కూర్చోగానే చెయ్యి జేబులోకి పోతుంది. అందుకే మొదటి నెల పార్టీలకు వెళ్ళకపోవడమే మంచిది. నీ స్నేహితులు ఏమనుకున్నా సరే.

ఇక సిగరెట్ మానడానికి వాడే మందుల సంగతి. ఏ సాయమూ లేకుండా మానేవాళ్ళలో ఏడాది తరువాత కూడా మానే ఉండేవాళ్ళు నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు. నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటివి వాడితే ఆ అవకాశం సుమారు సగం మేర పెరుగుతుంది, దానికి సలహాదారు సాయం తోడైతే ఇంకా మేలు. "అదీ నికోటినే కదా, ఒక వ్యసనం పోయి ఇంకోటి పట్టుకోవడమే కదా" అన్నది నీ అభ్యంతరం. మనిషిని చంపేది ప్రధానంగా పొగ. క్యాన్సర్ తెప్పించే పదార్థాలు, కార్బన్ మోనాక్సైడ్ పొగాకు కాలడం వల్ల వస్తాయి, గమ్‌లో అవి ఉండవు. పైగా గమ్ నుంచి నికోటిన్ నోటి లోపలి పొర ద్వారా నిదానంగా, నిమిషాల మీద ఎక్కుతుంది. సిగరెట్‌కు మనిషిని కట్టిపడేసేది ఆ సెకన్ల వేగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే నికోటిన్ గమ్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, మన దేశపు జాబితాలో 2022లో చేరింది. అయితే చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి, ఎక్కిళ్ళు వచ్చి, పనిచెయ్యలేదని పారేస్తారు. కొద్దిగా నమిలి, నోరు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి, అలా అరగంట. దానికి పావుగంట ముందు కాఫీ టీలు తాగకూడదు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తావు కాబట్టి నీకు 4 మిల్లీగ్రాములది కావాలి, అది డాక్టర్ని అడిగి తీసుకో. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి, ఏది నీకు సరిపోతుందో ఆయనే చెబుతారు. పన్నెండు వారాల్లో గమ్ కూడా మెల్లగా తగ్గించుకోవచ్చు.

"పూర్తిగా ఎందుకు, రోజుకు ఒకటి రెండుకు తగ్గిస్తా" అన్నావు. 2018లో ఆ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే వచ్చిన మరో విశ్లేషణ ప్రకారం, రోజుకు ఇరవై తాగితే గుండె జబ్బు ప్రమాదం ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగినా అందులో సుమారు సగం పెరుగుతుంది. తగ్గించడం మానడానికి మెట్టు అయితే మంచిదే, అదే గమ్యం అనుకుంటే గుండెకు ఒరిగేది తక్కువ. చుట్టలు కాల్చి తొంభై ఏళ్ళు బతికిన తాతలను చూపిస్తారు ఊళ్ళో. ముందే పోయినవాళ్ళు చూపించడానికి ఉండరు కదా. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్ళ అంగిట్లో పుట్టే క్యాన్సర్ సంగతి వైద్యులు ఏనాడో రాశారు. బ్రిటన్ డాక్టర్లను యాభై ఏళ్ళు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పొగతాగేవాళ్ళు సగటున పదేళ్ళు ముందుగా చనిపోయారని తేలింది. ముప్పైలో మానితే ఆ పదేళ్ళూ దక్కుతాయి, నలభైలో మానితే తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మూడు. నీకిప్పుడు ముప్పై నాలుగు. ఒళ్ళు వస్తుందన్న భయం నిజమే, ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. దాని సంగతి తరువాత చూసుకోవచ్చు, రెండూ ఒకేసారి తలకెత్తుకోకు.

వచ్చే ఆదివారం డాక్టర్ని కలువు. పని ఒత్తిడి తక్కువ ఉన్న వారం చూసి మానే రోజు పెట్టుకో, ఆ రోజు ఏదో కోడలికి ముందే చెప్పు, మొదటి వారం నీ విసుగు ఎవరి మీదో కాదని తనకు తెలియాలి. ప్యాకెట్ మీద హెచ్చరిక బొమ్మతో పాటు 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది, ఉచితం, ప్రాణం లాగినప్పుడు దానికి ఫోన్ చెయ్యి. మధ్యలో ఒకటి కాల్చేస్తే ప్యాకెట్ కొనకు, గమ్ ఆపకు, డాక్టర్ దగ్గరకు వెళ్ళడం మానకు. ఆయన ఏం చెప్పారో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ