జీనా, గాబ్రియెల్: ఎవరి త్యాగం పెద్దది?

‘జీనా: వారియర్ ప్రిన్సెస్’ 1995 నుండి 2001 వరకు ప్రసారమైన అమెరికా టీవీ ధారావాహిక. ప్రాచీన గ్రీసులో మొదలయ్యే ఈ కథను న్యూజీలాండ్‌లో చిత్రీకరించారు. జీనా ఒకప్పుడు ఊళ్ళు కొల్లగొట్టిన దళనాయకురాలు. ఆమె ఆయుధం పేరు మనకు తెలిసిందే, చక్రం. గాబ్రియెల్ కథలు చెప్పే పల్లెటూరి పిల్ల. మొదటి భాగంలోనే జీనాను రాళ్ళతో కొట్టబోయిన ఊరివాళ్ళకు నచ్చజెప్పి కాపాడింది ఈ పిల్లే. అప్పటికి వారిది కొత్త పరిచయం!

1998 నాటి ఒక భాగంలో, దుష్టురాలైన హోప్‌ను చంపితే జీనా ప్రాణం పోతుందని తెలిసి, గాబ్రియెల్ తన కన్నకూతురైన ఆ హోప్‌తో సహా అగ్నిగుండంలోకి దూకుతుంది. (తర్వాత బతికే వస్తుంది లెండి. ఇలాంటి కథల్లో అది మామూలే.)

అయితే మేము ఎక్కువగా ఆలోచించింది చివరి భాగం గురించి. జపాన్‌లో ఒకప్పుడు జీనా వల్ల రేగిన మంటల్లో 40,000 మంది చనిపోయారు. బందీలైన వారి ఆత్మలను విడిపించడానికి జీనా కావాలనే ప్రాణం వదులుతుంది. సూర్యాస్తమయంలోగా ఆమె చితాభస్మాన్ని ఫుజి పర్వతం మీది నీటిలో కలిపితే తిరిగి బతుకుతుంది. గాబ్రియెల్ పోరాడి అక్కడికి చేరుతుంది. “వద్దు, నేను బతికితే ఆ ఆత్మలకు విముక్తి ఉండదు” అంటుంది జీనా. గాబ్రియెల్ ఏడుస్తుంది, వాదిస్తుంది. కానీ భస్మం కలపదు. సూర్యుడు దిగిపోతాడు.

ఈ ముగింపును అభిమానుల్లో చాలామంది ఒప్పుకోలేదు. మాకు మాత్రం ప్రాణమిచ్చిన జీనా కన్నా, చేతిలో ఉపాయం ఉండి కూడా స్నేహితురాలి మాటకు ఆగిన గాబ్రియెలే పెద్దగా కనిపించింది. చివరికి ఆమె ఆ చక్రంతో ఓడలో ఈజిప్టుకు బయలుదేరుతుంది.