మల్లెప్పుడొత్తావమ్మా?

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో నీ గొంతు బాగా అలిసిపోయినట్టుంది. వేళకి తింటున్నావా? ఆపరేషన్ థియేటర్లో గంటలకొద్దీ నిలబడే పిల్లవి, పొద్దున్న టీ తాగి పరిగెత్తితే ఎలాగమ్మా? మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. రోజూ కోట చుట్టూ ఒక రౌండు నడిచి వస్తున్నాడు. మొన్న మంగళవారం సిరిమాను ఉత్సవం చూడ్డానికి మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డాం. బుజ్జి ఉంటే బాగుండేదని మీ అమ్మ పదిసార్లు అంది.

ఇంతకీ నువ్వన్న మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. "థీసిస్ సినాప్సిస్ ఇచ్చేయాలత్తా, త్వరగా అయిపోయే టాపిక్ ఏదైనా చెప్పు" అన్నావు. ఎంత మాటన్నావే! కోప్పడుతున్నానని చిన్నబుచ్చుకోకు. అదే మాట నీ వయసులో నేనూ అన్నాను. దాని ఫలితం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

మా మామ్మని నువ్వు చూడలేదు. ఊడుపుల రోజుల్లో మోకాలి లోతు బురదలో వంగుని, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పొగ పీల్చేది. అడ్డపొగ. చేతులు రెండూ నారుకి కావాలి, పైన వాన. నోట్లో ఉన్న నిప్పు ఆరదు కదా. మా ఊళ్ళో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఆ అలవాటు ఎక్కువ. నిప్పుకీ అంగిలికీ మధ్య వేలెడు దూరం కూడా ఉండదని మాకెవరికీ తోచలేదు. చుట్ట కాల్చే మామ్మ ఒళ్ళో పడుకునే మేం పెరిగాం.

ఈ అంగిళ్ళ మీద పుస్తకాల్లో ఎంత ఉందో నీకు తెలుసు. కానీ అది ఎలా వచ్చిందో ఒక్కసారి నెమ్మదిగా ఆలోచించు. 1957లోనే గోవిందరెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కీ ఈ అడ్డపొగకీ ఉన్న సంబంధం గురించి రాశారు. తరవాత 1960లలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి ఫలీ మెహతా బృందం వచ్చింది. కోపెన్‌హాగెన్ ప్రొఫెసర్ పిండ్‌బోర్గ్ వాళ్ళతో చేతులు కలిపాడు. దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకుంటే అందులో మన శ్రీకాకుళం ఒకటి. అప్పటికి విజయనగరం జిల్లా లేదు, అది 1979లో ఏర్పడింది. ఇంటింటికీ తిరిగి ఆ శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది నోళ్ళు చూశారు. ఆ ఫలితాలు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయ్యాయి. అంగిలి మీద తెల్ల మచ్చ, పొక్కులాంటి బొడిపె, ఎర్ర మచ్చ, పుండు, రంగు పోయిన చోటు, ఇవన్నీ విడివిడిగా గుర్తుపట్టి పేర్లు పెట్టింది మనూళ్ళ ముసలమ్మల నోళ్ళు చూసే. నువ్వు పరీక్షకి బట్టీ పడుతున్న ఆ వరసలో మా మామ్మలాంటి వాళ్ళు ఎంతమందో.

వాళ్ళు ఒక్కసారి చూసి వెళ్ళిపోలేదు బుజ్జీ. నాకు ఎప్పుడూ గొప్పగా అనిపించేది అదే. ఏళ్ళ తరబడి అవే ఊళ్ళకి, అవే గుమ్మాలకి వచ్చారు. తరవాత ఇంకో అడుగు వేశారు. శ్రీకాకుళం, ఎర్నాకులం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్ళని తీసుకుని, ఏడాదికోసారి నోరు చూస్తూ, దగ్గర కూర్చుని మాట్లాడుతూ, సినిమాలు చూపిస్తూ మాన్పించే ప్రయత్నం చేశారు. ఐదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. మాటతో చుట్ట మాన్పించవచ్చనీ, మానేస్తే నోట్లో మచ్చలు తగ్గుతాయనీ ప్రపంచానికి చూపించారు. కత్తి పట్టకుండా అంత పని చేశారు. నువ్వు సర్జన్‌వి కాబోతున్నావు, ఇది మరీ గుర్తుంచుకో.

ఇక నా సంగతి. ఓరల్ పాథాలజీ చదివేటప్పుడు నా థీసిస్‌కి ఈ అడ్డపొగే తీసుకున్నాను. నాగావళి ఒడ్డు ఊళ్ళు, మనవాళ్ళే, త్వరగా అయిపోతుందనుకున్నాను. మొదటిసారి చూసి ఆరు నెలలకి మళ్ళీ చూడాలి. ఒక అరుగు మీద ఒక మామ్మ నోరు తెరిచింది. అంగిలి మీద తెల్లటి మచ్చ మధ్యలో చిన్న ఎర్రటి చోటు. ప్రొఫార్మాలో గడి నింపుకున్నాను. ముందు సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకుని, తరవాత అందులో నాలుగు ముక్కలు గబగబా చదివాను. లేచి వస్తుంటే ఆమె అడిగింది: "నా నోరు సూసి ఏటి రాసుకున్నావమ్మా? మల్లెప్పుడొత్తావు?"

వస్తానులే మామ్మా అన్నాను. ఆమె నోరు మళ్ళీ చూడనేలేదు.

ఆరు నెలలకి వెళ్ళేసరికి ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు. చెన్నై పనులకి వలస పోయారు. మళ్ళీ రావడానికి నాకు ఓపిక లేదు, గడువు దగ్గరపడింది. కనపడని పదకొండు మందికి "మార్పు లేదు" అని రాసేశాను. అందులో ఆమె ఒకతె. ఏడాది తిరిగాక ఒక ఆస్పత్రి వరండాలో ఆమెని చూశాను. ముక్కుపుడకని బట్టి గుర్తుపట్టాను. పై దవడలో కొంత భాగం తీసేశారు. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తున్నాయి, మాట ముక్కుతో వస్తోంది. కృత్రిమ అంగిలి పెట్టడానికి ఇంకా రోజులు పడుతుందన్నారు. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. పట్టి ఉంటే ఏం చెప్పేదాన్నో ఈరోజుకీ తెలీదు.

ఆ థీసిస్ మీద నాకు డిగ్రీ వచ్చింది. వ్యాసంగా అచ్చుకి మాత్రం పంపలేకపోయాను. మా గైడ్‌కి నిజం చెప్పాల్సింది, చెప్పలేదు. అదింకో తప్పు.

అందుకే చెప్తున్నాను, విను. మొదటి నోరు చూడకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకో. రెండు మందుల్ని పోల్చేలాంటి పనైతే, మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చెయ్యి. ఏం కొలుస్తావో ముందే రాసి పెట్టేస్తావు కాబట్టి, చివర్లో లెక్క నచ్చలేదని ప్రశ్న మార్చుకునే వీలుండదు. జ్ఞానదంతం తీశాక వాపు, నొప్పి, నోరు తెరుచుకునే వెడల్పు కొలిచే చిన్న ప్రశ్నయినా సరే, చిన్నదని సిగ్గుపడకు. సగంలో వదిలేసిన పెద్ద ప్రశ్న కన్నా అదే నయం.

సంతకం సంగతి ఇంకా జాగ్రత్త. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు ఏమైందో చదువు. హాస్టల్ పిల్లల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ పని ఆపేశారు, పార్లమెంటు దాకా వెళ్ళింది. కాగితం నిండింది కానీ, అడగాల్సినవాళ్ళని అడగలేదు. నువ్వు చూసే మామ్మ పక్కనే అరుగు మీద కూర్చుని, ఆమె మాటలోనే చదివి వినిపించు. సంబంధం లేని ఒక సాక్షిని పక్కన పెట్టుకో. "వద్దంటే నీ వైద్యం ఆగదు మామ్మా" అని నోరు తెరిచి చెప్పు. ఆమె ప్రశ్న అయ్యాకే వేలిముద్ర.

చుట్ట కాలుస్తోందని కసరకు. కసిరితే మళ్ళీ నోరు తెరవదు. ఆమె చుట్ట ఎప్పుడు మొదలుపెట్టిందో, ఎందుకు మొదలుపెట్టిందో అడుగు. ఈ రోజుల్లో అడ్డపొగ తగ్గింది, ముసలివాళ్ళలో ఇంకా ఉంది. ఎర్ర మచ్చ కనిపిస్తే మాత్రం ఆ రోజు నీ లెక్క పక్కన పెట్టు. బస్సెక్కించి తీసుకెళ్ళి బయాప్సీ చేయించు. ఛార్జీలు లేకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను పంపుతాను.

ఫాలోఅప్ తేదీలు నీ వీలు చూసుకుని పెట్టకు. సంక్రాంతికీ గ్రామదేవత పండగకీ వలస పోయినవాళ్ళంతా ఊరికి చేరతారు. ఆ తేదీలు ముందే కనుక్కో. పక్కింటి నంబరు, కూతురి నంబరు, ఆశా కార్యకర్త నంబరు రాసుకో. అప్పటికీ దొరక్కపోతే గడి ఖాళీగా వదిలేసి, "రాలేదు, వలస" అని నిజం రాయి. ఎంతమంది రాలేదో చెప్పడం నామోషీ కాదు తల్లీ. రానివాళ్ళని వచ్చినట్టు రాసినదాన్ని నేను. నువ్వు అలా కాకూడదు.

భయపెట్టేశానా? నీ చేతులు నెమ్మదైనవి, నీ మనసు అంతకన్నా మెత్తన. నీ మీద నమ్మకం లేకపోతే ఇంత రాసేదాన్నా?

దీపావళికి వచ్చినప్పుడు నా ప్రొఫార్మాల కట్ట నీ చేతికిస్తాను. పదకొండు కాగితాలు పైనే ఉంటాయి. నీ మొదటి ఊరికి నేనూ వస్తాను, సంచీ మోస్తాను. అక్కడ ఏ మామ్మయినా "మల్లెప్పుడొత్తావమ్మా" అని అడిగితే వస్తానులే అనకు. తేదీ చెప్పు. కేలెండరు మీద గీత గీసి చూపించు.

ఆ రోజుకి ఇద్దరం వెళ్దాం.

ప్రేమతో,
నీ అత్త