ఉప్పాడ కారు ఘాటీ ఎక్కితే

సముద్రపు ఒడ్డున ఉప్పాడలో నున్నగా నడిచే పాత అంబాసిడరు, లంబసింగి ఘాటీ సగం ఎక్కేసరికి ఎందుకు ఆయాసపడుతుంది? మలుపు దగ్గర యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఇంజను ఎందుకు ఆగిపోతుంది? వెనక నల్లపొగ ఎందుకు? ఇలాంటప్పుడు మన వాళ్ళు మొట్టమొదట చేసే పని స్క్రూడ్రైవరు తీసి కార్బురేటరు మీద పడటం. పాపం, చాలాసార్లు దానికి ఏ జబ్బూ ఉండదు.

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కార్లలో గాలి ఒత్తిడిని కొలిచి పెట్రోలు చిమ్మే ఏర్పాటు ఉంది కనుక, కార్బురేటరు విప్పి చూడని ఇంజనీరింగు విద్యార్థులు కూడా మనలో చాలామంది ఉన్నారు. అందుచేత ముందు సూత్రం చెప్పుకుందాం.

కార్బురేటరు గొంతు ఇరుకు. అక్కడ గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది (బెర్నూలీ చెప్పిందే). ఆ తగ్గిన ఒత్తిడికి జెట్టులోంచి పెట్రోలు పైకి లాగబడుతుంది. చిక్కంతా ఇక్కడే. గాలి సాంద్రత తగ్గితే లోపలికి వెళ్ళే గాలి బరువు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. పెట్రోలు మాత్రం సాంద్రత వర్గమూలం నిష్పత్తిలోనే తగ్గుతుంది. అంటే గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గదు. మిశ్రమం చిక్కనవుతుంది.

ఎంత చిక్కన? ఉప్పాడలో పాదరసం 76 సెంటీమీటర్లు నిలిస్తే, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో 67 దాటి కొంచెం నిలుస్తుంది. సాంద్రత తొమ్మిది పది శాతం తగ్గుతుంది, మిశ్రమం 5 శాతం చిక్కబడుతుంది. ఇంజను బలం కూడా పదోవంతు పోతుంది; దీనికి ఏ మెకానిక్కు దగ్గరా మందు లేదు, గేరు మార్చుకోవడమే. 2,240 మీటర్ల ఊటీలో చిక్కదనం 12 శాతం దాకా వెళుతుంది, అక్కడ జెట్టు మార్చే ఆలోచన చేయొచ్చు. లంబసింగికి అయితే లెక్క ప్రకారం 125 నంబరు జెట్టు 122 కావాలి. ఆ కాస్త తేడా కోసం జెట్లు విప్పి, వాటి రంధ్రాల్లో తీగలు గుచ్చడం అనవసరం. ఇత్తడి జెట్టులో ఒకసారి తీగ గుచ్చితే దాని నంబరు మీద నమ్మకం పోయినట్టే.

ఇక్కడ ఒక తమాషా సంగతి ఉంది. సాంద్రత ఎత్తును బట్టే కాదు, చలిని బట్టి కూడా మారుతుంది. చలికాలంలో తెల్లవారుఝామున లంబసింగిలో 5 డిగ్రీలు ఉందనుకోండి. ఆ గాలి, 30 డిగ్రీల ఉక్కలో ఉన్న ఉప్పాడ మధ్యాహ్నపు గాలికి సాంద్రతలో దాదాపు సమానం! కాబట్టి తెల్లవారి స్టార్టు కాకపోతే ఆ తప్పు ఎత్తుది కాదు. చలికి పెట్రోలు ఆవిరి కావడం లేదు. చోకు లాగితే సరిపోతుంది. ఎత్తు ప్రభావం కనపడేది ఎండ ఎక్కాకే. పొద్దున్న చలిలో మిశ్రమం సరిచేసి, అదే సరైన సెట్టింగు అనుకుంటే మధ్యాహ్నానికి లెక్క తప్పుతుంది.

ఇక జబ్బు గుర్తుపట్టడం. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది పైకి వెళ్ళేకొద్దీ మెల్లమెల్లగా వస్తుంది. నల్లపొగ, ప్లగ్గుల మీద మెత్తటి మసి, స్లోలో గుటకలు. అలా కాకుండా ఫస్టు గేరులో చాలాసేపు ఎక్కాక ఇంజను ఒక్కసారిగా చచ్చిపోయి, ఇరవై నిమిషాలు నీడన ఆపితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయితే, అది వేపర్ లాక్. వేడెక్కిన పంపులోనో, పైపులోనో పెట్రోలు ఆవిరైపోయి గాలిబుడగలా అడ్డుపడింది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ ద్రవాలు తక్కువ వేడికే మరుగుతాయి. నీళ్ళే లంబసింగిలో 97 డిగ్రీల లోపు మరుగుతాయి. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేది ఇందుకే, అది శాస్త్రసమ్మతమైన వైద్యమే. కాని ఇలా ఆగిన బండికి సీసాతో కార్బురేటరు నోట్లో పెట్రోలు పోసి స్టార్టు చేయించడం మాత్రం ఎవరు చేస్తున్నా ఆపండి. ఒక్క బ్యాక్‌ఫైరు చాలు, చెయ్యీ బండీ రెండూ అంటుకుంటాయి.

ఉప్పాడ బండికి ఇంకో సొంత జబ్బు ఉంది. కాకినాడ బీచిరోడ్డు మీద తిరిగే కారు ఎయిర్ ఫిల్టరులో ఇసుక, ఉప్పుతేమ చేరతాయి. ఫిల్టరు మూసుకుంటే గాలి తగ్గి, అదీ మిశ్రమాన్ని చిక్కన చేస్తుంది. కింద సర్దుకుపోయిన బండి, కొండ మీద ఈ రెండూ కలిసేసరికి బయటపడుతుంది. ఫ్లోటు గిన్నెలో తెల్లటి పొడిలా తుప్పు పట్టి, దాని నలుసు సూది వాల్వు కింద ఇరుక్కుంటే పెట్రోలు పొంగుతుంది. కాబట్టి కత్తిపూడి, తుని మీదుగా నర్సీపట్నం దాటకముందే, అసలు ఇంటి దగ్గరే ఫిల్టరు, గిన్నె శుభ్రం చేసుకోవాలి. నా మటుకు నేను స్క్రూలు ముట్టుకునేది ఆ తరువాతే.

పాత పుస్తకాల్లో లేని అంశం ఒకటి చెప్పాలి. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. శుద్ధ పెట్రోలు ఒక పాలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ మిశ్రమానికి 13.5 చాలు. అంటే పాత సెట్టింగులో ఉన్న కార్బురేటరు కిందే 8 శాతం పలుచగా నడుస్తోందన్నమాట. కొండ ఎక్కితే 5 శాతం చిక్కబడి, దాదాపు సరైన చోటుకే వస్తుంది! అలాంటి బండిని, పుస్తకంలో ఉంది కదా అని ఘాటీలో ఇంకా పలుచన చేస్తే ఇంజను కాగిపోతుంది. కొత్త పెట్రోలుకి తగ్గట్టు ఇంతకుముందే సరిచేసిన బండికే కొండ మీద సవరణ కావాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. సముద్రగాలిలో నెలల తరబడి టాంకులో పెట్రోలు నిలవ ఉంచిన వాళ్ళకి ఇది ముఖ్యం.

నిజంగా సవరణ అవసరమైతే, ఇంజను బాగా వేడెక్కాక, ఎస్.యు. కార్బురేటరులో కింది నట్టును ఒక్క పలక, అంటే చుట్టులో ఆరోవంతు, పైకి తిప్పాలి. తరువాత లోపలి పిస్టనును మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ ఎత్తి చూడండి. వేగం పెరిగి అలాగే నిలిస్తే ఇంకా చిక్కన, ఆగిపోబోతే పలుచన, ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరి. సోలెక్సులో అయితే స్లో మిశ్రమం స్క్రూను పావుచుట్టు లోపలికి. అది స్లోకే పనిచేస్తుంది, ఎక్కేటప్పటి నల్లపొగ దానితో పోదు. ఎంత తిప్పారో కాగితం మీద రాసుకోవాలి. దిగేటప్పుడు ఇంజను ఆపకుండా, గేరులోనే దిగి, నర్సీపట్నంలో బండి ఆపి ఆ తిప్పినంతా వెనక్కి తిప్పేయాలి. లేకపోతే కొండకని పలుచన చేసిన మిశ్రమంతో ఉప్పాడ దాకా ఎండలో నడిపితే కాలేవి ఎగ్జాస్టు వాల్వులు.