ఖాళీ గదిలో తొలి పాట

వీణ మోగాలంటే తీగ కంపించాలి. వేణువు పలకాలంటే వెదురు గొట్టంలో గాలి కదలాలి. సింథసైజర్ అనే వాద్యంలో తీగ గాని, గాలి గాని లేవు. అందులో విద్యుత్ ప్రకంపనలే నాదానికి మూలం. వాటి వేగాన్ని బట్టి స్వరస్థాయి, ఆకృతిని బట్టి నాదగుణం ఏర్పడతాయి. మీట నొక్కినప్పుడు ధ్వని ఎంత త్వరగా పైకి లేవాలో, ఎంతసేపు నిలవాలో, ఎలా అణగిపోవాలో వాయించేవారే నిర్ణయించుకోవచ్చు. అమెరికా ఇంజనీరు రాబర్ట్ మూగ్ 1964లో నిర్మించిన తొలి యంత్రం తీగల చిక్కులతో బీరువాను తలపించేది. 1983లో జపానుకు చెందిన యమహా సంస్థ డీఎక్స్-7 కీబోర్డును విడుదల చేసేనాటికి ఆ వాద్యం ఒక మనిషి మోసుకొని పోగల పెట్టెగా మారింది.

మద్రాసులో ఈ వాద్యంతో పెరిగిన బాలుడు దిలీప్ కుమార్. అతడు 1967 జనవరి 6న జన్మించాడు. తండ్రి ఆర్.కె. శేఖర్ మలయాళ చలనచిత్రాలకు సంగీతం కూర్చినవాడు. 1976లో ఆయన మరణించేనాటికి దిలీప్ వయస్సు తొమ్మిదేళ్ళు. తండ్రి మిగిల్చిన వాద్యాలను అద్దెకిచ్చి తల్లి కస్తూరి సంసారాన్ని ఈదింది. దిలీప్ ధన్‌రాజ్ మాస్టారు వద్ద పియానో అభ్యసించాడు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఎం.ఎస్. విశ్వనాథన్, ఇళయరాజా వంటివారి బృందాలలోను, తెలుగువారైన రమేశ్ నాయుడు, రాజ్-కోటి వద్ద కూడా అతడు కీబోర్డు వాయించాడు. ఆనాటి తెలుగు శ్రోతలు ఆ వేళ్ళ పలుకును అతడి పేరు తెలియకుండానే విన్నారన్నమాట.

సంపాదన బాగానే ఉండేది. అయినా వాయించేది ఇతరుల బాణీ. పైగా, ఆనాటి పద్ధతిలో పాట రికార్డు చేయడమంటే గాయకులు, వాద్యబృందం ఒకేచోట చేరాలి. స్టూడియో అద్దె గంటల లెక్కన నడుస్తుంది. ఒకరు తప్పు వాయిస్తే అందరూ మొదటి నుంచి వాయించాలి. మనస్సులో మెదిలిన రాగాన్ని పదిసార్లు మార్చి చూసుకొనే తీరిక అక్కడ కొత్తవాడికి ఎవరిస్తారు?

అందుకే అతడు కోడంబాక్కంలోని తమ ఇంటి ఆవరణలోనే ఒక స్టూడియో కట్టించుకోదలచాడు. 1980ల చివరికి గది సిద్ధమయింది. ఏసీ ఉంది, నేలపై తివాచీ ఉంది, ఒక అలమర ఉంది. యంత్రాలు లేవు. వాటిని కొనే సొమ్ము లేదు. ఆ ఖాళీ గదిలో ఊరికే కూర్చొనేవాడినని ఆయనే అనంతర కాలంలో చెప్పారు. అప్పుడు తల్లి తన నగలను తాకట్టు పెట్టడానికి ఇచ్చింది. ఆ సొమ్ముతో మొదటి రికార్డర్ వచ్చింది. తన భవిష్యత్తు తనకు కనబడింది ఆ క్షణంలోనే అని కూడా ఆయన చెప్పారు. మద్దతుగా నిలిచే భర్త లేని ఇల్లాలికి నగలంటే అలంకారం కాదు, ఆపదకు దాచుకొన్న ధైర్యం. ఆమె ఇచ్చింది దానిని.

బహుళ ట్రాకుల రికార్డర్ చేసే పని తెలిస్తే దాని విలువ బోధపడుతుంది. అందులో ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క దారి కేటాయించవచ్చు. మొదట తాళం నమోదు చేసి, దానిని వింటూ రెండవ దారిలో మంద్రస్వరాలు, మూడవ దారిలో వేణునాదం చేర్చవచ్చు. మూడవది నచ్చకపోతే దానినొక్కదానినే చెరిపివేయవచ్చు, మిగిలినవి చెక్కుచెదరవు. దీనికి కీబోర్డు తోడైతే ఒకే మనిషి అర్ధరాత్రి వేళ ఎవరినీ పిలువకుండా ఒక మేళాన్ని కూర్చగలడు. దిలీప్ రాత్రుళ్ళు పనిచేసే అలవాటు గలవాడు కావడం కూడా ఇందుకు కలిసి వచ్చింది.

ఆ గదికి పంచతన్ రికార్డ్ ఇన్ అని పేరు. అక్కడ ఎన్నో వ్యాపార ప్రకటనలకు బాణీలు సిద్ధమయ్యాయి. క్షణాలలో ముగిసే ప్రకటనలో వినేవారి చెవిని పట్టి నిలపాలి; అది మంచి శిక్షణే. ప్రకటనల రంగంలోని పరిచయాల ద్వారా దర్శకుడు మణిరత్నం అతడి సంగీతం విన్నాడు. తన ‘రోజా’ చిత్రానికి సంగీతం అప్పగించాడు. పారితోషికం 25,000 రూపాయలు. ప్రకటనలు చేసుకొంటే మూడు రోజులలో వచ్చే మొత్తమది! అయినా అతడు ఒప్పుకొన్నాడు.

ఆ చిత్రానికి మొదట రూపొందిన పాట ‘చిన్న చిన్న ఆసై’. తమిళంలో వైరముత్తు రచించగా మిన్మిని పాడింది. తెలుగులో రాజశ్రీ మాటలు కూర్చారు. పల్లెటూరి పడుచు చిన్ని కోరికల పాట అది. అందులో వాద్యాలు ఒకదానినొకటి తోసుకోవు. గొంతుకు చోటిచ్చి పక్కకు తప్పుకొంటాయి. రాత్రివేళ ఏకాంతంగా ఒక్కొక్క దారినీ విని, అక్కరలేనిది తీసివేయగలిగినవాడికే ఇంతటి పొదుపు సాధ్యమనిపిస్తుంది.

ఈ మార్పుకు మరొక ముఖం లేకపోలేదు. కీబోర్డు వయొలిన్ల వరుసను అనుకరించగలిగిన కొద్దీ మద్రాసు స్టూడియోలలో వయొలిన్ విద్వాంసులకు పిలుపులు తగ్గాయి. యంత్రంలోని తీగనాదంలో కమాను ఒరిపిడి వినబడదని వారన్న మాట నిజమే. రెహమాన్ సైతం అటుతర్వాత ఎన్నో చిత్రాలకు పెద్ద పెద్ద తీగవాద్య బృందాల చేత వాయింపజేశారు.

‘రోజా’ 1992 ఆగస్టు 15న విడుదలయింది. ఆ కుటుంబం అప్పటికే ఇస్లాం మతాన్ని స్వీకరించింది. కస్తూరి కరీమా బేగం అయింది. తెరపై సంగీత దర్శకుడి పేరు ఏ.ఆర్. రెహమాన్ అని పడింది. ఆ చిత్రానికే ఆయనకు ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం లభించింది.