సోమిద మాను: చిత్రపటం నేర్పే పాఠం

ఓషధిని తెలుసుకోవడమంటే నామం, రూపం, గుణం అనే మూడింటినీ తెలుసుకోవడం. గృహవైద్య గ్రంథాలలో నామమూ గుణమూ పుష్కలంగా లభిస్తాయి; రూపమే కొరవడుతుంది. ఆ లోటు ఎంత ప్రమాదకరమో నా వృత్తి జీవితంలోని ఒక సంఘటన నాకు నేర్పింది. ముందుగా దానిని చెప్పి, తరువాత ఓషధుల చిత్రలేఖన చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

నా పొరపాటు

సుమారు ముప్పై ఏళ్ల క్రితం గిద్దలూరు వైపు పల్లె నుండి ఒక రైతు వచ్చి, తల్లికి విరేచనాలు కట్టడం లేదన్నాడు. సోమిద పట్ట కషాయం కాచి ఇమ్మన్నాను. నల్లమల అంచున దొరికేదే కదా అని గుర్తులు చెప్పలేదు, ఆకు చూపలేదు. మరునాడు కబురు వచ్చింది. రెండు గుక్కలు తాగిన ఆ వృద్ధురాలికి దవడలు పట్టుకుపోయి, ఒళ్లంతా బిగుసుకుపోయింది. వెంటనే ఆస్పత్రికి చేర్చినందువల్ల ఆమె బతికింది. "అయ్యా, మీరు చెప్పిన పట్టే కదా!" అన్నాడు కొడుకు. పట్ట తీసిన చెట్టు దగ్గరకు వెళ్లి చూశాను. అది సోమిద కాదు, ముష్టి! ముష్టి పట్టలోనూ గింజలోనూ నరాలను బిగించే తీవ్రవిషం ఉన్నది. రెండు పట్టలూ చేదే. కనుక నాలుక కూడా మనను కాపాడదు.

మార్కాపురం పలకలకు పేరుపొందిన ఊరు. గురుకులంలో మా గురువుగారు ఆ పలక మీదనే ప్రతి మొక్క ఆకునూ, పువ్వునూ, కాయనూ మా చేత గీయించేవారు. గీయలేని మొక్కను మేము చూడనట్టే లెక్క. నేను గీయడం నేర్చుకున్నాను గాని, నా రోగికి గీసి చూపలేదు. తప్పు నాదే.

పేర్లలో దాగిన బొమ్మలు

మన పూర్వులు చాలావరకు మాటలతోనే బొమ్మలు గీశారు. పొట్టేలు కొమ్ము వంటి కాయ గల పొడపత్రిని మేషశృంగి అన్నారు. ఎలుక చెవి వంటి ఆకు గల తీగను ఆఖుపర్ణి అన్నారు. గొల్లలు, మేకల కాపరులు, వనచరులు ఓషధులను నామరూపాలతో ఎరుగుదురని చరక సంహిత సూత్రస్థానం చెబుతుంది. అంటే, అడవిలో చూపించే మనిషి ఉన్నంతకాలం ఆ పేర్లు చాలినవి. చూపించేవారు కరువైనప్పుడు పటం అవసరమయింది.

పటాల చరిత్ర

పాశ్చాత్య దేశాలలో మిగిలిన ప్రాచీన ఓషధి చిత్ర గ్రంథాలలో ప్రసిద్ధమైనది క్రీ.శ. 512 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో తయారైన డయాస్కోరిడీస్ ప్రతి. తరువాతి శతాబ్దాలలో నకలుకు నకలు తీయగా బొమ్మలు మొక్కను పోలకుండా పోయాయి. 1530లో బ్రున్‌ఫెల్స్ గ్రంథానికి వైడిట్జ్ అనే చిత్రకారుడు సజీవమైన మొక్కను ఎదుట ఉంచుకొని గీయడంతో మార్పు వచ్చింది. మన దేశంలో, కేరళ ఓషధులపై 1678–1693 మధ్య పన్నెండు సంపుటాలుగా వెలువడిన హోర్టస్ మలబారికస్‌కు ఇట్టి అచ్యుతన్ అనే సంప్రదాయ వైద్యుడు తోడ్పడ్డారు.

సామర్లకోట చిత్రాలు

తెలుగునేల వంతు సామర్లకోటలో వచ్చింది. 1781 నుండి 1793 వరకు అక్కడ ఉన్న స్కాట్లాండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులను నియమించి మొక్కలను గీయించాడు. వాటిలో ఎంపిక చేసిన 300 చిత్రాలు కోరమాండల్ తీరపు మొక్కలు అనే గ్రంథంగా 1795 నుండి లండన్‌లో మూడు సంపుటాలలో వెలువడినవి. కొమ్మతో పాటు పువ్వునూ కాయనూ విడదీసి చూపడం ఈ పటాల విశేషం. గీసిన మనవారి పేర్లు మాత్రం ఆ ఫలకాలపై లేవు.

ఆ గ్రంథంలో మన సోమిద ఉన్నది. సింకోనా పట్టకు బదులుగా జ్వరాలలో పనికివస్తుందని రాక్స్‌బర్గ్ దానిపై ఆశ పెట్టుకున్నాడు. 1830లో జుస్యూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ చెట్టుకు ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచి, తెలుగు పేరునే స్థిరపరచాడు: సోయ్‌మిడా. అయినా 1830ల దశకంలో కలకత్తా బజారులో సోమిద పట్ట పేరిట ముష్టి పట్ట అమ్ముడుపోతున్నదని ఓషానెస్సీ అనే వైద్యుడు గుర్తించాడు. నా పొరపాటు కొత్తది కాదన్నమాట!

మద్రాసు రాజధానిలో రాబర్ట్ వైట్ అనే వైద్యుడికి రంగయ్య, గోవిందు అనే చిత్రకారులు పనిచేశారు. 1838–1853 మధ్య వెలువడిన ఆయన గ్రంథంలో రెండు వేలకు పైగా ఫలకాలు ఉన్నవి. ఒక ఆర్కిడ్ ప్రజాతికి ఆయన గోవిందు పేరు పెట్టి కృతజ్ఞత చూపాడు.

గుర్తుపట్టే విధానం

సోమిద: ఒకే కాడకు ఇరువైపులా మూడు నుండి ఆరు జతల చిట్టి ఆకులు, చెక్కవలె గట్టి కాయ అయిదుగా పగులుతుంది, గింజలకు రెక్కలు.

ముష్టి: ఎదురెదురుగా విడివిడి నున్నని ఆకులు, అడుగునుండే మూడు లేక అయిదు ఈనెలు, నారింజ వన్నె గుండ్రని పండు, బిళ్లల వంటి గింజలు.

గృహస్థులకు మనవి

1. ఆకు, పువ్వు, కాయ చూడకుండా పట్టను గాని, వేరును గాని ఔషధంగా వాడరాదు.

2. పై గుర్తులు తెలిసినంత మాత్రాన స్వయంగా వాడవద్దు. మొక్కను వైద్యునికి చూపండి.

3. చలిజ్వరం వస్తే ముందుగా రక్తపరీక్ష చేయించాలి. మలేరియాకు నేటి మందు ఉండగా పట్ట కషాయంతో కాలయాపన తగదు.

4. కషాయం తాగిన వెంటనే ఒళ్లు బిగుసుకుంటే, ఇంట్లో ఏ ఉపాయమూ చేయక, మిగిలిన పట్టతో సహా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

5. పిల్లల చేత పెరటి మొక్కలను గీయించండి. తులసి ఆకు అంచు ఎలా ఉంటుందో గీస్తేగాని తెలియదు.

ఆ సంఘటన తరువాత నా వైద్యశాలలో ఒక పలక, బలపం ఎప్పుడూ ఉన్నవి. ఇప్పుడు పేరు చెప్పేముందు ఆకు గీస్తాను.