నడిచేవారికీ, సైకిలు తొక్కేవారికీ దారి ఎక్కడ?

నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మా హాస్టల్ నుండి కాలేజీకి రెండున్నర కిలోమీటర్లు. ఆటోకు డబ్బులుండవు కనుక నడకే. ఒకనాడు నా పక్కన నడుస్తున్న మిత్రునికి వెనుకనుండి ఆటో తగిలి కుడిచెయ్యి విరిగింది. పరీక్షలు వారంలో ఉన్నాయి. వానికి ఆ సంవత్సరం పోయింది. తప్పు ఆటోవానిదే అని అందరమూ అన్నాము. ఆ రోడ్డుకు పక్కన కాలు పెట్టే జాగా లేదన్న మాట మాకెవరికీ తోచలేదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నిబంధనల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించరాదు. మించితే ముసలివారు ఎక్కలేక రోడ్డు మీదనే నడుస్తారు. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కు అనీ, అది రాజ్యాంగం 21వ అధికరణంలోనిదే అనీ 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది.

వేగం సంగతి కూడా చూడండి. పదో తరగతి లోపలే చదివిన గతిజశక్తి సూత్రమే ఇది. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగానికి బదులు 50తో వచ్చే బండి దాదాపు 2.8 రెట్ల శక్తితో గుద్దుతుంది. కాబట్టి హాస్టళ్లు, బడుల దగ్గర వేగం తగ్గించడం, పెద్ద రోడ్ల మీద సైకిలుకు వేరే బాట ఇవ్వడం రెండూ కావాలి.

హైదరాబాదులో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. నీడ ఆలోచన మంచిదే, మన ఎండలకు అది మరీ అవసరం. కానీ అది ఎక్కువగా వ్యాయామానికి వచ్చేవారి బాట అని నా అభిప్రాయం. మనకు కావలసింది హాస్టల్ నుండి కాలేజీకి, బస్టాండుకు, ఆసుపత్రికి తెగకుండా కలిసే చిన్న చిన్న బాటలు. మధ్యలో ఒక్క కూడలి దగ్గర తెగినా తల్లిదండ్రులు ఆడపిల్లను సైకిలు మీద పంపరు.

మనకు ఒక వెన్నెముక సిద్ధంగా ఉంది. కె.సి. కెనాల్. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుండి కడప దాకా సుమారు 306 కిలోమీటర్లు. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దీనిని సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా తవ్వించింది. అంటే పుట్టుకతోనే అది ఒక దారి! కర్నూలులో హంద్రీని కూడా అక్విడక్టు మీదుగా దాటుతుంది. కాలువ వాలు చాలా తక్కువ కనుక గట్టు మీద తొక్కేవానికి ఎత్తుపల్లాల బాధ ఉండదు. నీటివైపు కంచె, రాత్రికి దీపాలు, వరుసగా వేప, కానుగ చెట్లు కావాలి. చిక్కేమిటంటే గట్టు జలవనరుల శాఖది, వీధులు కార్పొరేషన్‌వి, హైవే కేంద్రానిది. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టడమే అసలు పని.

ఈ సెలవుల్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక కొలత టేపు తీసుకొని హాస్టల్ గేటు నుండి కాలేజీ గేటు దాకా నడవండి. ఎక్కడ 1.8 మీటర్లు ఉంది, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ అడ్డముంది, ఎక్కడ కాలువ మూత లేదు, అన్నీ రాసుకోండి. ఆ కాగితాన్ని సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోట ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.