హైతీవారి స్వాతంత్ర్యదినము – గుమ్మడికాయ సూపు

విద్యార్థులారా! ప్రతి స్వతంత్రదేశమునకును ఒక జాతీయదినము కలదు. ఆనాడు జెండా నెగురవేయుటయు, ఉపన్యాసములిచ్చుటయు, సైనికులు బారులుతీరి నడచుటయు అనేక దేశములందు సామాన్యముగా కానవచ్చును. ఇవి యన్నియు వీధిలో జరుగు పనులు. వీనితోపాటు తన స్వాతంత్ర్యదినమును వంటయింటిలోనే జరుపుకొను దేశమొకటి కలదు. అది హైతీ. జనవరి 1వ తేదీని ఆ దేశీయుల యిండ్లలో ఒకే వంటకము పొయ్యిమీద నుడుకుచుండును. దాని పేరు సూప్ జూమూ, అనగా గుమ్మడికాయ సూపు. ఈ వంటకము జాతీయచిహ్నమెట్లాయెనో, దానివలన మనము నేర్చుకొనదగినదేమో విచారింతము.

1. పూర్వచరిత్రము

కరిబియన్ సముద్రమున హిస్పానియోలా యను ద్వీపము కలదు. దాని పడమటి భాగమే హైతీ. 18వ శతాబ్దమున అది ఫ్రెంచివారి వలసరాజ్యము. చెరకును, కాఫీని పండించుటకై వారు ఆఫ్రికానుండి జనులను ఓడలలో తెప్పించి బానిసలుగా చేసిరి. 1789 నాటికి అచ్చటి బానిసలు సుమారు 5 లక్షలమంది.

ఆ కాలమున గుమ్మడికాయ సూపు యజమానుల భోజనపుబల్లకు చెందిన వంటకము. పాదువేసి కాయను పెంచినవారు బానిసలు. దానిని కోసి వండినవారును బానిసలే. రుచిచూచుటకు మాత్రము వారికి హక్కు లేకుండెనని హైతీ ప్రజలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు.

1791 ఆగస్టులో బానిసలు తిరుగబడిరి. వారి నాయకుడైన టూసాన్ లూవెర్ట్యూరును ఫ్రెంచివారు 1802లో బంధించి ఫ్రాన్సునకు కొనిపోయిరి. 1803 ఏప్రిలులో అతడు అచ్చటి కోటలో ఖైదీగానే మరణించెను. అయినను పోరాటమాగలేదు. జాన్ జాక్ దెస్సలీన్ నాయకత్వమున 1803 నవంబరు 18న వెర్టియేర్ యుద్ధమందు వారు జయము పొందిరి. 1804 జనవరి 1న గొనాయీవ్ పట్టణమున దెస్సలీన్ స్వాతంత్ర్యమును ప్రకటించెను. నిన్నటివరకు తమకు కూడనిదైన సూపును నేడు అందరును కలిసి త్రాగుటయే ఆ పండుగకు అర్థమాయెను.

2. వండు విధము

ఈ సూపునకు ప్రధానమైనది మన తీపిగుమ్మడి జాతికాయ. ముందునాటి రాత్రియే మాంసమును నిమ్మరసముతో కడిగి, వెల్లుల్లి, ఉల్లికాడలు, సువాసనగల ఆకులు నూరిన ముద్దను పట్టించి యుంచుదురు. గుమ్మడిముక్కలను ఉడికించి, మనము పప్పు నెనిపినట్లు మెత్తగా నెనిపి, మాంసముడికిన నీటిలో కలుపుదురు. పిదప బంగాళదుంపలు, క్యారెట్టు, క్యాబేజి మొదలగు కూరలను, కొన్ని లవంగములను, తుదకు సేమియావంటి పిండిపదార్థమును వేయుదురు. మిక్కిలి కారముగల మిరపకాయ నొకదానిని చిట్లకుండ అందులో నుడికించి, సువాసన దిగినపిమ్మట తీసివేయుదురు. ఉదయమున రొట్టెతో దీనిని భుజింతురు.

ఇది ఒక్కరు చేయదగిన పని కాదు. స్త్రీలు వంటను నడిపింతురు, పిల్లలు కూరలు శుభ్రపరతురు, తక్కినవారు సహాయపడుదురు. వచ్చిన యతిథికి ఒక గిన్నె తప్పక లభించును, ఇరుగుపొరుగులకును పంపుదురు. మరునాడు, జనవరి 2, పూర్వికుల దినము. పిల్లలు ఇట్లు గరిటె పట్టుకొనియే తమ చరిత్రను వినుచున్నారు. మయామీ, న్యూయార్కు, మాంట్రియల్ నగరములలో స్థిరపడిన హైతీవారును ఆనాడు ఈ వంటను మానరు.

3. స్వాతంత్ర్యమునకు చెల్లించిన వెల

ఈ పండుగ సుఖములో పుట్టినది కాదు. సుఖములో పెరిగినదియు కాదు. 1825లో ఫ్రెంచిరాజు యుద్ధనౌకలను పంపి, తమవారు పోగొట్టుకొన్న ఆస్తికి పరిహారముగా 15 కోట్ల ఫ్రాంకులు చెల్లింపవలెనని హైతీని నిర్బంధించెను. ఆ ఆస్తిలో మనుష్యులును చేర్పబడిరి! 1838లో ఆ మొత్తము 9 కోట్లకు తగ్గింపబడెను. దానికై చేసిన అప్పులును, ఆ అప్పులను తీర్చుటకై చేసిన అప్పులును తీరునప్పటికి 1947వ సంవత్సరము వచ్చెను. మనదేశము స్వతంత్రమైన సంవత్సరమును అదియే.

2021 జూలైలో హైతీ దేశాధ్యక్షుడు హత్యగావింపబడెను. ఆగస్టు 14న భూకంపమువలన 2 వేలమందికి పైగా మరణించిరి. అట్టి దుఃఖసంవత్సరముననే, డిసెంబరులో, యునెస్కో సంస్థ ఈ సూపును మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. ఆ పట్టికకెక్కిన హైతీ సంప్రదాయములలో ఇదియే మొదటిది.

4. మనకు కలిగెడి బోధ

గుమ్మడి, మిరప, బంగాళదుంప మూడును అమెరికాఖండములనుండియే మన దేశమునకు వచ్చినవి. జనవరి మాసముననే సంక్రాంతికి మనమును గుమ్మడికాయ దప్పళము వండుకొందుము. కాయ ఒక్కటే, కాని మన ఆగస్టు 15 ఇంకను వంటయింటి గడప దాటి లోనికి రాలేదు. బడిలో మిఠాయి పంచుకొని యింటికి వచ్చుటతో పండుగ ముగియుచున్నది.

ఆనాడు యింటిలో ఒక వంటకమును అందరును కలిసి వండుకొనవచ్చును. బాలురు కూరలు తరుగవచ్చును. పెద్దలు చిన్నలకు దేశచరిత్ర చెప్పవచ్చును. అంతకంటె ముఖ్యమైనది వడ్డన. హైతీ సూపు మనల నడుగు ప్రశ్న యిది: వండినవారు తినలేని భోజనము ఎవరి యింట నున్నది? అనేక గృహములలో అమ్మ అందరికిని వడ్డించి, మిగిలినది తుదకు తినును. పనిమనిషి గిన్నెలు తోమి, వేరుగా కూర్చుండును. స్వాతంత్ర్యదినమునందైనను వారిని ముందుగా కూర్చుండబెట్టి మనము వడ్డింపలేమా? ఆనాడు మొదలిడిన అలవాటు ఏడాదియంతయు నిలిచిన ఆ వంట సఫలమగును.

ఆలోచింపుడు:
(1) బానిసలను ఆస్తిగా లెక్కించుట ఏల అన్యాయము?
(2) మీ యింట అందరికంటె తుదకు భోజనముచేయువారెవరు? ఏల?
(3) వచ్చు ఆగస్టు 15న మీ యింట ఏమి వండుదురు? ఎవరిని పిలుతురు?